మావయ్యగారి ఎఫ్‌డీ, మీ సీసీ లోను, మధ్యలో రాజకీయం

ప్రశ్న: మాది పలాస. మావారు, నేను కలిసి చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాం. ఇరవై మంది దాకా ఆడవాళ్ళు పనికి వస్తారు. బ్యాంకులో 25 లక్షల సీసీ (అవసరం కొద్దీ తీసి వాడుకునే క్యాష్ క్రెడిట్ లోను) ఉంది. కటింగ్ మెషీన్ల కోసం ఇంకో 12 లక్షలు టర్మ్ లోను తీసుకుందామనుకుంటున్నాం. మా మరిది మాత్రం ‘ఇప్పుడెందుకు వదినా, ఎన్నికలు దగ్గరపడితే వడ్డీలు ఎలాగూ తగ్గిస్తారు, అప్పటిదాకా ఆగండి’ అంటాడు. మావయ్యగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన డబ్బంతా ఎఫ్‌డీల్లో ఉంది. ‘వడ్డీలు తగ్గించి ముసలాళ్ళ పొట్ట కొడుతున్నారు, రిజర్వ్ బ్యాంకు కూడా సర్కారు చెప్పినట్టు ఆడేదే’ అని ఆయన కోపం. ఇంట్లో రోజూ ఇదే వాదన. 2025లో రేట్లు అన్నిసార్లు తగ్గాయన్నారు గానీ మా సీసీ వడ్డీ పెద్దగా తగ్గలేదు. నిజంగా ఇందులో రాజకీయం ఉందా? మేం ఏం చెయ్యాలి? శాంక్షన్ లెటర్ కాపీ కూడా పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు, పలాస

సమాధానం: అమ్మా, మీరు పంపిన శాంక్షన్ లెటర్‌తోనే మొదలుపెడతాను. రాజకీయం సంగతి ఎలా ఉన్నా, మీ ఇంటి డబ్బు పోతున్నది అక్కడే.

లోను 2018లో ఇచ్చారు. రెండో పేజీలో వడ్డీ అన్నచోట ‘ఒక సంవత్సరం ఎంసీఎల్‌ఆర్ ప్లస్ 2.40 శాతం, ఏడాదికోసారి రీసెట్’ అని ఉంది. ఎంసీఎల్‌ఆర్ అంటే డిపాజిట్ల మీద తాను ఇచ్చే వడ్డీ, తన ఖర్చులు లెక్కేసుకుని బ్యాంకు తనకు తాను పెట్టుకునే రేటు. రెపో, అంటే బ్యాంకులకు తాను అప్పిచ్చే రేటు, రిజర్వ్ బ్యాంకు తగ్గించిన మర్నాడే ఎంసీఎల్‌ఆర్ తగ్గదు. ఎక్కువ వడ్డీకి తీసుకున్న పాత ఎఫ్‌డీల గడువు తీరి, తక్కువ వడ్డీకి కొత్తవి వచ్చే కొద్దీ మెల్లగా దిగుతుంది. పైగా మీకు రీసెట్, అంటే వడ్డీని తిరిగి సవరించడం, ఏడాదికోసారే. అందుకే 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోపు రెపో 6.50 నుంచి 5.25 శాతానికి దిగినా మీదాకా వచ్చింది కొద్దిగానే.

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) లోన్లను రెపో లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలని, కనీసం మూడు నెలలకోసారి రీసెట్ చెయ్యాలని 2019 అక్టోబరు 1 నుంచి నిబంధన ఉంది. అంతకు ముందు తీసుకున్నవి తీరేదాకా, లేదా రెన్యూవల్ అయ్యేదాకా పాత పద్ధతిలో ఉండవచ్చు. మీ సీసీ ఈ ఏళ్ళలో రెన్యూవల్ కాకుండా ఉండదు కదా. అప్పుడే మారాల్సింది. బహుశా మీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు) బ్యాంకు రికార్డులోకి ఎక్కలేదు. 25 లక్షలు నిండా వాడుకునే వాళ్ళకి రెపోలో తగ్గిన ఆ 1.25 శాతం అంటే ఏడాదికి 31,250 రూపాయలు. ఇది ఢిల్లీలో ఎవరో చేసిన అన్యాయం కాదు, మీ బ్రాంచిలో ఎవరూ తిప్పని ఒక కాగితం. ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేసి, రెపోకి మార్చమని రాతపూర్వకంగా అడగండి. మార్చేటప్పుడు రెపో మీద స్ప్రెడ్, అంటే బ్యాంకు అదనంగా కలిపే శాతం, ఎంత వేస్తారో ముందే కాగితం మీద చూసుకోండి. కొన్నిసార్లు రెపో తక్కువే ఉంటుంది, స్ప్రెడ్ ఎక్కువ పెడతారు. చివరికి కట్టాల్సిన మొత్తం రేటే పోల్చాలి.

ఇక మావయ్యగారి మాట. రాజకీయం ఉందా అంటే, ఉంది. బొత్తిగా లేదనేవాళ్ళ మాట నమ్మకండి. అయితే అది మీ మరిది అనుకుంటున్న పద్ధతిలో లేదు.

మావయ్యగారికి దువ్వూరి సుబ్బారావు గారు తెలిసే ఉంటారు. ఏలూరులో పుట్టిన మనిషి. ఐఏఎస్‌లో చేరిన కొత్తలో పార్వతీపురంలో సబ్ కలెక్టరుగా పనిచేశారు, అప్పటికి పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోదే. 2008లో రిజర్వ్ బ్యాంకు గవర్నరు అయ్యేనాటికి ఆయన కేంద్ర ఆర్థిక కార్యదర్శి. అంటే పక్కా సర్కారు మనిషి. అలాంటి మనిషి 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు మధ్య 13 సార్లు వడ్డీ పెంచారు, ధరలు అలా మండుతున్నాయి కాబట్టి. ప్రభుత్వానికి అది నచ్చలేదు. 2012 అక్టోబరు 30న ఆయన రెపో తగ్గించకపోయేసరికి అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం విలేఖరుల ముందుకొచ్చి, వృద్ధి కోసం ప్రభుత్వం ఒంటరిగా నడవాల్సి వస్తే ఒంటరిగానే నడుస్తాం అన్నారు. ఒక ఆర్థిక మంత్రి గవర్నరు గురించి అందరి ముందూ అలా మాట్లాడటం చిన్న విషయం కాదు.

పదవి దిగాక సుబ్బారావు గారు తన అనుభవాలన్నీ రాశారు. ప్రణబ్ ముఖర్జీ ఉన్నప్పుడూ, చిదంబరం ఉన్నప్పుడూ వడ్డీ తగ్గించమని ఒత్తిడి వచ్చిందట. అంతటితో ఆగలేదట, వృద్ధి అంచనా కాస్త ఎక్కువగా, ధరల అంచనా కాస్త తక్కువగా చూపించమని కూడా అడిగారట. ఆయన ఒప్పుకోలేదు. దాని ఫలితం ఎక్కడ కనిపించిందంటే, ఉషా థోరట్, సుబీర్ గోకర్ణ్ అనే ఇద్దరు డిప్యూటీ గవర్నర్లను కొనసాగించమని ఆయన సిఫారసు చేస్తే ప్రభుత్వం పక్కన పెట్టింది. ఒత్తిడి ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఇది గుర్తు పెట్టుకోండి. రేటు ఇంత పెట్టు అని ఉత్తర్వు రాదు. ఎవరు ఆ కుర్చీలో ఉండాలి, ఎంతకాలం ఉండాలి అనేది ప్రభుత్వం చేతిలో ఉంటుంది.

ఇది ఒక పార్టీ జబ్బు కాదు. 1957 జనవరిలో బెనెగల్ రామారావు గవర్నరు పదవికి రాజీనామా చేసింది ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారితో పడకనే, నెహ్రూ మంత్రి పక్షమే నిలబడ్డారు. 2018 చివర్లో రిజర్వ్ బ్యాంకు చట్టంలోని 7వ సెక్షన్ పేరు పేపర్లలో మోగిపోయింది. ప్రజాప్రయోజనం కోసం గవర్నరుతో సంప్రదించి కేంద్రం ఆదేశాలివ్వవచ్చు అనేదే ఆ సెక్షన్. ఆ ఏడాది డిసెంబరు 10న ఉర్జిత్ పటేల్ వ్యక్తిగత కారణాలు అని చెప్పి తప్పుకున్నారు. 2024 నవంబరులో వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ వడ్డీ తగ్గించాలని బహిరంగంగానే అన్నారు, తర్వాత కొద్దిరోజులకే నిర్మలా సీతారామన్ కూడా బ్యాంకు వడ్డీలు అందుబాటులోకి రావాలన్నారు. డిసెంబరులో రెపో కదల్లేదు. గవర్నరు శక్తికాంత దాస్ పదవీకాలం అదే నెలలో ముగిసింది. రెవెన్యూ కార్యదర్శి సంజయ్ మల్హోత్రా వచ్చారు. 2025 ఫిబ్రవరి 7న రేటు తగ్గింది.

ఇక్కడిదాకా చదివితే మావయ్యగారు ‘చూశావా’ అంటారు. ఆయన్ని ఇంకొంచెం చదవమనండి.

2016 నుంచి రేటు నిర్ణయం ఒక్క గవర్నరుది కాదు, ఆరుగురు సభ్యుల కమిటీది. ముగ్గురు రిజర్వ్ బ్యాంకు వాళ్ళు, ముగ్గుర్ని కేంద్రం బయటి నుంచి నాలుగేళ్ళకు నియమిస్తుంది. ఆ ముగ్గుర్నీ రెండోసారి నియమించడానికి వీల్లేదు, కాబట్టి పొడిగింపు ఆశతో తల ఊపాల్సిన అవసరం వాళ్ళకి లేదు. ధరల పెరుగుదల 4 శాతం దగ్గర ఉంచాలి, 2 కంటే కిందికి గాని 6 కంటే పైకి గాని పోకూడదు అన్నది వాళ్ళ ముందున్న లక్ష్యం. ఈ లక్ష్యాన్ని పెట్టేది మళ్ళీ ప్రభుత్వమే, అయిదేళ్ళకోసారి. ఎవరు ఎటు ఓటు వేశారో, ఎందుకు వేశారో సమావేశం అయిన 14వ రోజున ప్రచురిస్తారు. నేను ఆ మినిట్స్ చదువుతుంటాను. మావయ్యగారికీ చదివే అలవాటుంది కాబట్టి ఒకసారి తీసి ఇవ్వండి.

మీ మరిది లెక్కకు బలమైన ఉదాహరణ 2019 ఫిబ్రవరి. ఎన్నికలకు రెండు నెలల ముందు, కొత్త గవర్నరు వచ్చిన మొదటి సమావేశంలోనే రెపో 6.50 నుంచి 6.25కి దిగింది. అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ జనవరిలో ధరల పెరుగుదల 2 శాతం దగ్గర ఉంది, లక్ష్యంలో సగం. అలాంటప్పుడు తగ్గించడం తప్పని చెప్పలేం. పైగా ఓటు 4-2గా చీలింది. వద్దన్నవాళ్ళలో ఒకరు డిప్యూటీ గవర్నరు విరల్ ఆచార్య, రెండో ఆయన చేతన్ ఘాటే, కేంద్రం నియమించిన మనిషే.

2024 చూడండి. లోక్‌సభ ఎన్నికలు, మన రాష్ట్రంలో అసెంబ్లీ ఎన్నికలు కూడా కలిసి వచ్చాయి. ఎన్నికల కోసమే తగ్గించేటట్టయితే అప్పుడు తగ్గించాలి. 2023 ఫిబ్రవరిలో 6.50 దగ్గర ఆగిన రెపో రెండేళ్ళ పాటు పావు శాతం కూడా దిగలేదు. ఓట్లు పడ్డాయి, ఫలితాలొచ్చాయి, కొత్త ప్రభుత్వాలు కుదురుకున్నాయి, అది మాత్రం కదల్లేదు. పెద్ద తగ్గింపంతా 2025లో జరిగింది, లోక్‌సభ ఎన్నికలకు ఇంకా నాలుగేళ్ళున్నప్పుడు. ఢిల్లీ అసెంబ్లీ పోలింగ్ ఫిబ్రవరి 5న అయిపోయింది, రేటు తగ్గింది 7న. మన దేశంలో ఏదో ఒక రాష్ట్రంలో ఎప్పుడూ ఎన్నికలే. ఏ తగ్గింపు పక్కన చూసినా ఒక ఎన్నిక దొరుకుతుంది, అంతమాత్రాన దాని వల్లే ఇది అనుకుంటే పొరపాటు.

రిజర్వ్ బ్యాంకును నేను నిజంగా తప్పుపట్టేది 2022 విషయంలో. ధరలు జనవరి నుంచే 6 శాతం దాటుతున్నా రెపోను ఏప్రిల్ దాకా 4 శాతం దగ్గరే ఉంచారు. ఉక్రెయిన్ యుద్ధంతో నూనె ధరలు ఎగిసిపడ్డాయి, ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 శాతానికి వెళ్ళింది. అప్పుడు మే 4న, షెడ్యూలులో లేని సమావేశం పెట్టి ఉన్నట్టుండి 0.40 శాతం పెంచారు. ఆ ఫిబ్రవరి, మార్చిలో ఉత్తరప్రదేశ్ ఎన్నికలు జరిగాయి కాబట్టి ఆగారని కొందరన్నారు. కోవిడ్‌తో దెబ్బతిన్న వృద్ధి మీద భయమే పెద్ద కారణమని నా అభిప్రాయం. వరుసగా మూడు త్రైమాసికాలు లక్ష్యం తప్పితే ఎందుకు తప్పిందో ప్రభుత్వానికి ఉత్తరం రాయాలని చట్టం. ఆ నవంబరులో ఉత్తరం రాశారు, ప్రజల ముందు మాత్రం పెట్టలేదు. ధరల దెబ్బ తిన్నది ప్రజలు. ఆ వివరణ చదివే హక్కు మొదట వాళ్ళకే ఉంది.

అచ్చంగా ప్రభుత్వం చేతిలోనే ఉండే వడ్డీ ఒకటి ఉంది, అది మావయ్యగారికి సంబంధించిందే. పోస్టాఫీసు పథకాలు, పీపీఎఫ్, సీనియర్ సిటిజన్ స్కీం రేట్లు రిజర్వ్ బ్యాంకు పెట్టదు. మూడు నెలలకోసారి ఆర్థిక శాఖే ప్రకటిస్తుంది. 2021 మార్చి 31 సాయంత్రం ఆ రేట్లను బాగా తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది. పీపీఎఫ్ 7.1 నుంచి 6.4కి, సీనియర్ సిటిజన్ స్కీం 7.4 నుంచి 6.5కి. తెల్లవారేసరికి అది పొరపాటున వచ్చిందని, పాత రేట్లే ఉంటాయని ఆర్థిక మంత్రి ప్రకటించారు. ఆ రోజు పశ్చిమ బెంగాల్లో, అస్సాంలో రెండో విడత పోలింగ్. 2025లో రెపో 1.25 శాతం దిగినా సీనియర్ సిటిజన్ స్కీం మాత్రం ఏడాదంతా 8.2 దగ్గరే ఉంది. మావయ్యగారికి రాజకీయం కనిపించాలంటే ఇక్కడ చూడాలి. అది ఆయన పొట్ట కొట్టలేదు, నిలబెట్టింది.

కాబట్టి ఆయనకు చేయాల్సిన పని వాదన కాదు. గడువు తీరుతున్న ఎఫ్‌డీలను ఒక్కొక్కటిగా ఆ స్కీంలోకి మార్చుకోవచ్చు, 30 లక్షల దాకా పెట్టవచ్చు. చేరిన రోజున ఉన్న రేటే అయిదేళ్ళూ వస్తుంది. గడువుకి ముందే ఎఫ్‌డీ విరగ్గొట్టకండి, పెనాల్టీ పడుతుంది. వైద్యానికి అక్కరకొచ్చేలా కొంత ఎఫ్‌డీలోనే ఉంచండి.

ఆయన కోపంలో న్యాయం లేదనను. వడ్డీ తగ్గితే దాచుకున్న వాళ్ళకి తగ్గి, అప్పున్న వాళ్ళకి మిగులుతుంది. దేశంలో అందరికంటే పెద్ద అప్పు కేంద్ర ప్రభుత్వానిదే. 2025-26 బడ్జెట్లో వడ్డీలు కట్టడానికే 12.76 లక్షల కోట్లు పెట్టుకుంది. అంత అప్పున్న వాళ్ళు వడ్డీ తగ్గాలని కోరుకోవడం సహజం. అయితే ఆయన ఇంకో లెక్క కూడా చూడాలి. ఎఫ్‌డీల మీద 9 శాతం దాకా వచ్చిందని ఆయన తలుచుకునే 2012-13లో ధరలు ఏడాదికి దాదాపు 10 శాతం పెరిగాయి. చేతికొచ్చిన వడ్డీ బజారులోనే అయిపోయి, అసలు కూడా కరిగింది. 2025 అక్టోబరులో ధరల పెరుగుదల 0.25 శాతం మాత్రమే. ఆరున్నర శాతం వడ్డీ అయినా అప్పుడు నిజంగా చేతిలో మిగిలింది.

మీ యూనిట్లో పనిచేసే ఆడవాళ్ళ సంగతి ఈ వాదనలో ఎవరూ ఎత్తడం లేదు. నాకు అందరికంటే ముందు గుర్తొచ్చేది వాళ్ళే. జీడి నూనె అంటి వేళ్ళు నల్లబడిపోయి, పొక్కి, బూడిద రాసుకుంటూ పిక్క కొట్టే మనుషులు. వాళ్ళకి ఎఫ్‌డీ లేదు, రెపోకి ముడిపడ్డ లోనూ లేదు. కూలి ఏడాదికోసారి పెరిగితే గొప్ప, నూనె పాకెట్టు ధర మాత్రం వారానికోసారి మారుతుంది. పాలకులు రేటును తమ ఇష్టానికి వంచితే మొదట దెబ్బ తినేది ఇలాంటివాళ్ళే. టర్కీలో అదే జరిగింది. వడ్డీ పెంచితేనే ధరలు పెరుగుతాయని నమ్మిన అధ్యక్షుడు ఎర్దొగాన్ 2019 జులై నుంచి 2021 మార్చి లోపు ముగ్గురు గవర్నర్లను తీసేశారు. మూడో ఆయన్ని వడ్డీ పెంచిన రెండు రోజులకే తీసేశారు. 2022 అక్టోబరులో అక్కడ ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. 2023 మే ఎన్నికలు అయ్యాక ఆయన ప్రభుత్వంలోనే వడ్డీని 8.5 నుంచి పెంచుకుంటూ 2024 మార్చికి 50 శాతానికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. తక్కువ వడ్డీ అని సంతోషించిన చిన్న వ్యాపారులే ఆ యాభై శాతం వడ్డీకీ అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది. అందుకే గవర్నర్ల నియామకం గురించి, బయటపెట్టని ఉత్తరాల గురించి మనం అడుగుతూనే ఉండాలి.

ఇప్పుడు మీ మెషీన్లు. ఎన్నికల దాకా ఆగడం వల్ల ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి మరిదికి చూపించండి. 12 లక్షల మీద అర శాతం తగ్గినా మొదటి ఏడాది 6,000 రూపాయలు, నెలకి 500. అసలు తీరేకొద్దీ అదీ తగ్గుతుంది. సీజన్లో 80 కిలోల పిక్కల బస్తా మీద వంద రూపాయలు ఎక్కువ పెడితే, 200 బస్తాలకే 20,000 పోతాయి. మీ వ్యాపారంలో లాభనష్టాలు తేలేది పిక్క ధర దగ్గర, గుండు (విరగని పప్పు) ఎంత వచ్చింది, బద్ద (విరిగిన పప్పు) ఎంత పోయింది అన్నదాని దగ్గర. మెషీన్ వల్ల గుండు శాతం పెరిగి, నెలవారీ వాయిదా పోను మిగులుతుందంటే ఇప్పుడే తీసుకోండి. మిగలదంటే వడ్డీ ఇంకో శాతం తగ్గినా వద్దు. పైగా లోను ఫ్లోటింగ్‌లో తీసుకుంటే, మరిది చెప్పినట్టు రేటు తగ్గితే తర్వాతి రీసెట్‌లో మీకూ తగ్గుతుంది కదా, ఆగడం దేనికి? ఒకవేళ ఒక శాతం పెరిగినా వాయిదా కట్టగలరా అన్నది మాత్రం చూసుకోండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 2.50 శాతం పెరిగిందని మరిచిపోవద్దు.

సంతకం పెట్టే ముందు శాంక్షన్ లెటర్లో ఏ రేటుకు ముడిపెట్టారు, స్ప్రెడ్ ఎంత, ఎన్ని నెలలకు రీసెట్ అన్నవి చదవండి. 2026 జనవరి 1 నుంచి వాణిజ్య బ్యాంకులు మంజూరు చేసే ఫ్లోటింగ్ లోన్లయితే, చిన్న పరిశ్రమల వాళ్ళు ముందే తీర్చేసినా ఛార్జీ వెయ్యకూడదు. కాబట్టి వేరే బ్యాంకు తక్కువకి ఇస్తానంటే మారే వీలు మీకుంటుంది. సబ్సిడీ సంగతి శ్రీకాకుళంలో జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళి అడగండి, లోను తీసుకున్నాక కాదు, ముందే.

సీసీ మార్పు కోసం పెట్టే అర్జీ రెండు కాపీలు తీయించి, ఒకదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ముద్ర వేసిన ఆ కాపీ, 2018 శాంక్షన్ లెటర్, చివరి రెన్యూవల్ లెటర్, ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేయండి.